బుచ్చమ్మ పేరు చెప్పిన ఆదివారం

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే తొవ్వలో కొత్తగా లేచిన విల్లాలున్నాయి. అక్కడ పొద్దున్నే చెట్లకు నీళ్లు పట్టే బుచ్చమ్మను చూసినవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. సాఫుగా ఉన్న సిమెంటు రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఆమె ఉన్నట్టుండి తల వంచుతుంది. పైన కొమ్మ ఉండదు, వైరు ఉండదు, ఉత్త ఆకాశమే. నాలుగడుగులు వేసి మళ్లీ తల ఎత్తుతుంది. కొత్తగా వచ్చిన వాచ్‌మన్లు మెడనొప్పేమో అనుకుంటారు.

నొప్పి కాదు, అలవాటు. ఆ నేలంతా ఇరవై ఏళ్ల కిందటి దాకా ద్రాక్షతోట. రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు గుంజి, పందిరి అల్లించిన తోట. పదేళ్ల పిల్లగా తల్లి వెంట అందులో అడుగుపెట్టిన బుచ్చమ్మ, పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లయినా ఆ పందిరి కిందే పనిచేసింది. ఆకుల్లోంచి దిగే వెలుగు ఆకుపచ్చగా, మనిషి చెరువు అడుగున నడుస్తున్నట్టు ఉండేది. చలికాలంలో శామీర్‌పేట చెరువు మీది మంచు తోటలోకి వచ్చి కూర్చునేది. అప్పుడు మనిషికి మనిషి కనపడేది కాదు, కొమ్మలు కత్తిరించే చప్పుడు ఒక్కటే వినపడేది. ఆ మంచులో బుచ్చమ్మ తీగలతో మాట్లాడేది. ఏ తీగ ఎటు పాకాలో చెప్పేది, గుత్తులను పేరుపెట్టి పిలిచేది, అమ్మ మీద చాడీలు చెప్పేది. మాట మీద మాట, ఎక్కడా తడబాటు లేకుండా.

మంచు విడిచి మనుషులు కనపడగానే మాట ఆగిపోయేది.

ఆమెకు నత్తి. అన్నిటికన్నా 'బ' అక్షరం దగ్గర. పెదవులు కలిసేవి కానీ విడివడేవి కావు. ఊపిరి గొంతులోనే మొండికేసి నిలబడేది. ఏం జేస్తాం, కన్నవాళ్లు నాయనమ్మ పేరని మురిపెంగా పెట్టింది సరిగ్గా ఆ అక్షరంతోనే. తన పేరు తాను చెప్పుకోలేని మనిషి ఈ లోకంలో ఎన్నిచోట్ల నోరు మూసుకోవాలో బుచ్చమ్మకు తెలుసు. రేషన్ షాపులో, దవాఖానలో, పిల్లల బడిలో.

ఆ చోట్లన్నిట్లో ఆమె పక్కన మోషే నిలబడేవాడు. మోషే ఆమె పెనిమిటి. జీడిమెట్లలో ఒక కంపెనీకి బస్సు నడిపి రిటైరైనవాడు, నెమ్మదస్తుడు. పెళ్లయిన కొత్తల్లోనే భార్య కష్టం చూసి, ఆమె మాట సగంలో ఆగితే మిగతా సగం తాను అందించడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఆరేళ్లుగా అందిస్తూనే ఉన్నాడు. ఆమె "ఉ..." అంటే "ఉప్పు" అంటాడు, "ప..." అంటే "పదిన్నర బస్సు" అంటాడు. నూటికి తొంభైసార్లు సరిగ్గానే ఉంటుంది. తక్కిన పదిసార్లు బుచ్చమ్మ ఊరుకుంటుంది, వేరే ఏదో అనబోయిందని అతనికి తెలియదు.

వాళ్ల చర్చి మెయిన్ రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న పాత మెథడిస్టు చర్చి. రాతి గోడలు, పైన కొత్తగా వేసిన రేకులు, వాకిట్లో రెండు వేపచెట్లు. నెలకోసారి మొదటి ఆదివారం అక్కడ ప్రభువు బల్ల, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆచారం ఉంటుంది. ఆ బల్ల మీదికి ద్రాక్షరసం తీసేది బుచ్చమ్మే. నల్ల ద్రాక్ష తెచ్చి, కడిగి, చెంబెడు నీళ్లతో సన్న మంట మీద మరగబెట్టి, చిదిమి, తెల్లబట్టలో వడగడుతుంది. పండ్లు దొరకని నెలల్లో ఎండు ద్రాక్ష నానబెడుతుంది. ఇరవై రెండేళ్లలో ఒక్క నెల తప్పలేదు. కానీ ఆ రసం ఒక్కసారి కూడా ఆమె నోట్లో పడలేదు. చెంచాతో రుచైనా చూడలేదు. బల్లకు వాడేది ముందుగా ముట్టుకోవడం తప్పని ఆమె నమ్మకం. బల్ల తెరిచి పాస్టరు అయ్యగారు సంఘాన్ని పిలవగానే అందరూ ముందుకు కదులుతారు, బుచ్చమ్మ వెనక గదిలోకి కదులుతుంది. వాళ్లు తాగి ఇచ్చిన బొటనవేలంత గాజు గ్లాసులు కడిగి తుడుస్తూ, గోడ అవతల పాట వింటూ ఉండిపోతుంది.

ఆమెకు కన్ఫర్మేషన్ కాలేదు. పసితనంలో తల్లిదండ్రులు ఇప్పించిన బాప్తిస్మాన్ని, బుద్ధి తెలిశాక తానే నిలబడి నాదేనని సంఘం ముందు ఒప్పుకోవడమే కన్ఫర్మేషన్. అది అయితేనే పూర్తి సభ్యత్వం, అయితేనే బల్ల. పద్నాలుగేళ్లప్పుడు ఆమె కూడా ఆ క్లాసులకు పోయింది. ఇదే చర్చిలో, చాప మీద, తొమ్మిదిమంది పిల్లల మధ్య. నేర్పే పంతులు వరసగా ఒక్కొక్కరినీ లేపి మొదటి ప్రశ్న అడిగాడు.

"నీ పేరేంది?"

బుచ్చమ్మ లేచింది. పెదవులు కలిశాయి. పిల్లలు ముందు ఎదురుచూశారు, తర్వాత గుసగుసలాడారు, తర్వాత నవ్వారు. పంతులు కూడా నవ్వు ఆపుకోలేక, "పేరే రాకపోతే ఆజ్ఞలెట్ల జెప్తవే? ముందుగాల నోరు సాపు చేసుకొని రా పో" అన్నాడు. ఆమె పోయింది. తోటలోకి పోయి, పందిరి కింద కాలువ ఒడ్డున కూర్చుని "బుచ్చమ్మ, బుచ్చమ్మ, బుచ్చమ్మ" అని పొద్దుగూకేదాకా అనుకుంది. ఎంత బాగా వచ్చిందో! వినడానికి ఎవరూ లేరు.

అట్లా నలభై నాలుగేళ్లు గడిచాయి. తోట కొట్టేశారు, కడీలు లారీల్లో పోయాయి, ప్లాట్లు పడ్డాయి, విల్లాలు లేచాయి. ఏ నేల మీద తీగలు కట్టిందో అదే నేల మీద బుచ్చమ్మ ఇప్పుడు రబ్బరు పైపు పట్టుకుని గడ్డికి నీళ్లు పడుతోంది. తెల్లవారుజామున మంచు దిగినప్పుడు ఇళ్లన్నీ మాయమవుతాయి. ఆ కాసేపు ఆమెకు కడీలు వరసల్లో నిలబడి కనిపిస్తాయి, పచ్చి ఆకుల వాసన వస్తుంది. అందుకే ఆ తల వంచడం.

పోయిన ఏడాది జహీరాబాద్ వైపు నుంచి కొత్త అయ్యగారు బదిలీ మీద వచ్చాడు. పేరు శాంసన్, నలభై లోపు వయసు. మొదటి బల్ల ముగిశాక ఆయన ఆరాధనలో తొడిగే తెల్ల అంగీ కూడా విప్పకుండా వెనక గదికి వచ్చాడు. బుచ్చమ్మ గ్లాసులు తుడుస్తోంది. మోషే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మా, రసం తీసింది నువ్వేనంట గదా. నువ్వు బల్లకు రాలేదేంది?"

బుచ్చమ్మ నోరు తెరిచేలోపే మోషే అందుకున్నాడు. "ఆమెకు కన్ఫర్మేషన్ కాలే అయ్యగారూ. నత్తి ఉన్నది. సిన్నప్పుడు క్లాసుకు పోయి ఇడిసిపెట్టింది."

"నేను అమ్మను అడిగిన" అన్నాడు అయ్యగారు, కోపం లేకుండా.

మోషే ఆగాడు. అయ్యగారు అక్కడున్న స్టూలు లాక్కుని, బస్సు వచ్చేదాకా కూర్చునేవాడిలాగా తీరిగ్గా కూర్చున్నాడు. ఆయనను అట్లా చూసి బుచ్చమ్మకు ఏమనిపించిందో ఏమో, తుడుస్తున్న గ్లాసు కింద పెట్టి, అయిదారుసార్లు ఊపిరి తీసి, "భ... భయం" అంది.

"సరే. జనవరిల క్లాసులు మొదలువెడుతున్న. పిల్లలతోటి గూసోవాలె. నీ ఇష్టం, తొందరేం లేదు."

మూడు వారాలు గడిచాయి. నాలుగో వారం అన్నం పెడుతూ మోషేతో చెప్పింది, పోతానని.

మోషే ముద్ద కలపడం ఆపేశాడు. "ఎందుకే గిప్పుడు? అందరి ముందర నిలబెట్టి పేరడుగుతరు. నువ్వు పరేషాన్ అయితవ్. గా పొల్లగాళ్లు ఫోన్లల్ల వీడియోలు తీస్తరు." తనకు తోచిన ఉపాయం కూడా చెప్పాడు. "పోనీ, నేను అయ్యగారిని అడుగుత. నువ్వు నిలవడు, నీ బదులు జవాబు నేను జెప్త."

బుచ్చమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది. ముప్ఫై ఆరేళ్లలో ఆమె అతని మీద గొంతు లేపింది లేదు. "వ..." అని, ఆగి, అతని పెదవులు కదలబోవడం చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "వ... వద్దు. నా మాట... నువ్వు తియ్యకు."

మోషే కంచం పక్కకు జరిపాడు. ఇన్నేళ్లూ తాను ఇస్తున్నాననుకున్నాడు, తీసుకుంటున్నానని అతనికి ఏనాడూ తోచలేదు. ఆ పూట పెరుగన్నం తినకుండానే లేచాడు.

జనవరి రెండో ఆదివారం నుంచి, ఆరాధన అయ్యాక, చర్చి మూలన ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని క్లాసు జరిగేది. పదకొండుమంది పదిహేనేళ్ల పిల్లలు, యాభై ఎనిమిదేళ్ల బుచ్చమ్మ. విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, సభ్యులు చేసే ప్రమాణాలు. ఒక్కోటి నేర్వడానికి పిల్లలకు వారం చాలేది, బుచ్చమ్మకు చదువు రాదు కనుక విని పట్టుకోవాలి. పక్క కుర్చీలో కూర్చునే షైని అనే అమ్మాయి ఆమెకు చదివి వినిపించేది. షైని వాళ్లది బహదూర్‌పల్లి. నాయిన బండి మీద దింపి పోయేవాడు. ఆ పిల్ల నోరు గలగల పారే కాలువ. ఏదైనా ఒక్కసారి చదివితే చాలు, అప్పజెప్పేది.

బుచ్చమ్మ వారమంతా పైపు పట్టుకుని నేర్చుకునేది. విల్లాల వాళ్లు లేవకముందు, మంచులో, ఒక్కో మాటా ఒక్కో మొక్క దగ్గర. ఎక్కడ మందారం చెట్టు ఉందో అక్కడ మొదటి ఆజ్ఞ, ఎక్కడ నీళ్ల ట్యాంకు ఉందో అక్కడ పదోది. ఆ కాసేపట్లో అంతా నోట్లో వెన్నలా కరిగేది. ఆదివారం పిల్లల ముందు నిలబడగానే గడ్డకట్టేది. అయినా ఈసారి ఎవరూ నవ్వలేదు. అయ్యగారు కిటికీలోంచి వేపచెట్టు వైపు చూస్తూ ఎంతసేపైనా ఆగేవాడు. ఆయన్ను చూసి పిల్లలు కూడా ఆగడం నేర్చుకున్నారు.

మార్చిలో ఒక ఆదివారం, క్లాసయ్యాక నాయిన కోసం వాకిట్లో ఎదురుచూస్తూ షైని అడిగింది.

"అవ్వా, నిజం జెప్పు. నువ్వు నమ్ముతవా ఇదంతా?"

బుచ్చమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఆటకు అడగలేదు.

"నాకైతే అంతా నోటికొచ్చు" అంది షైని. "ఫోన్ నంబర్ చెప్పినట్టు చెప్పేస్త. చెప్పినంక చూస్తే లోపల ఏం లేదు. నువ్వేమో ఒక్క మాట కోసం గంతసేపు కష్టపడతవ్. నీకు ఉంటది, నాకు లేదేమో అనిపిస్తది."

చీర మీద రాలిన వేపపూత దులుపుకుని, బుచ్చమ్మ నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పింది. "నాకు తెల్వది బిడ్డా. రసం... మరుగుతది గదా. ఇల్లంత వాసనొస్తది. గప్పుడు ఎవరో... వచ్చి నిలవడ్డట్టు ఉంటది. ఎన్కకు జూస్తే... ఎవరుండరు. గంతే. నాకు గంతే తెలుసు."

షైని వాళ్ల నాయిన బండి వచ్చింది. ఎక్కబోతూ, "నేనొక రోజు మీ ఇంటికి వస్త, మరుగుతున్నప్పుడు" అంది. అన్నట్టే, కన్ఫర్మేషన్ జరగాల్సిన మట్టల ఆదివారానికి ముందు శనివారం వచ్చింది. స్టవ్వు పక్కన పీట మీద కూర్చుని, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని గిన్నెలోకి చూస్తూ పొద్దంతా గడిపింది. ఆమెకు ఏమనిపించిందో బుచ్చమ్మ అడగలేదు.

ఆ శనివారమే అయ్యగారు కూడా ఒక మాట కబురు పెట్టాడు. ప్రమాణాలు అందరూ కలిసి చెప్తారు, అందులో ఇబ్బంది లేదు. పేరొక్కటే ఎవరిది వాళ్లు చెప్పడం ఈ సంఘం అలవాటు. కావాలంటే ఈసారికి పేర్లు తానే చదువుతానని. బుచ్చమ్మ వద్దంది.

మట్టల ఆదివారం చర్చి నిండిపోయింది. ఈత మట్టలు పట్టుకుని పిల్లలు ఊరేగింపుగా వచ్చారు. రేకుల కింద ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. పన్నెండుమంది బల్ల ముందు వరసగా నిలబడ్డారు, చివర్న తెల్లచీరలో బుచ్చమ్మ. మోషే మూడో వరసలో అంచున కూర్చున్నాడు.

ఒక్కో పేరూ టకటకా వచ్చింది. షైని తన పేరు చెప్పింది, ఎన్నడూ లేనిది, చాలా మెల్లగా. తర్వాత అయ్యగారు బుచ్చమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నీ పేరు?"

పెదవులు కలిశాయి. ఊపిరి నిలిచింది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత దగ్గులు ఆగాయి, విసనకర్రలు ఆగాయి. మెయిన్ రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఎవరో పసిబిడ్డ ఏడవబోయి పాలకు తలతిప్పుకుంది. మూడో వరసలో మోషే పెదవుల మీదికి ఆ మాట వచ్చేసింది. చిన్న మాట, మూడక్షరాలు. ముప్ఫై ఆరేళ్లుగా అతను అలవోకగా అనేది. అతను కుడి అరచేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, చెయ్యి మాత్రం తియ్యలేదు.

బుచ్చమ్మకు ఇదేమీ తెలియదు. ఎదురుగా ఉన్న అయ్యగారి తెల్ల అంగీ మెల్లగా మంచు అయిపోయింది. మంచు వెనక కడీలు వరసలుగా లేచాయి. వాటి మీద ఆకులు, ఆకుల్లోంచి పచ్చటి వెలుగు. కాలువలో నీళ్లు సన్నగా పారుతున్నాయి. ముందు ఎక్కడో అమ్మ తీగలు కడుతోంది, కనపడదు, గాజుల చప్పుడు మాత్రం. బుచ్చమ్మ తల కొంచెం వంచి పందిరి కిందికి అడుగుపెట్టింది. ఇక్కడ తొందరపెట్టేవాళ్లు లేరు. గుత్తులు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. తీపెక్కాలంటే ఇంకా ఎన్నో ఎండలు కావాలి. ఎన్నైనా కానీ. ఆమె నడుస్తూనే ఉంది. అప్పుడు ఆమెకు అర్థమైంది, మంచు అవతల జనం ఉన్నారని, వాళ్లెవరూ పోలేదని, అందరూ అట్లాగే ఆగి ఉన్నారని. ఎవరో ఒకరు వింటే బాగుండునని పద్నాలుగేళ్ల పిల్ల కాలువ ఒడ్డున అనుకున్నది గుర్తొచ్చింది.

పెదవులు విడివడ్డాయి.

"బుచ్చమ్మ" అంది. ఆ వెంటనే, ఎవరూ అడగకముందే, పుస్తకంలో ఉన్నట్టు కాకుండా ఇంట్లో మాట్లాడుకునేట్టు, "నమ్ముతున్న అయ్యగారూ" అంది.

శాంసన్ అయ్యగారికి తరువాత చదవాల్సింది కాసేపు కనపడలేదు. కళ్లద్దాలు తీసి అంగీతో తుడుచుకుని, అప్పుడు ఆమె తల మీద చేతులుంచాడు.

బల్ల తెరిచారు. ఈసారి వెనక గదిలోకి వేరే ఎవరో పోయారు. బుచ్చమ్మ మోకరించింది, పక్కనే మోషే వచ్చి మోకరించాడు. రొట్టె ముక్క అందింది, ఆ తర్వాత గ్లాసు. బొటనవేలంత గాజు గ్లాసును ఆమె కడిగే చేత్తో కాకుండా తాగే చేత్తో పట్టుకుని నోట్లో పోసుకుంది.

పులుపు. పళ్లు జివ్వుమన్నాయి.

కళ్లు తెరిచి అటూ ఇటూ చూసింది. అందరూ భక్తిగా మింగుతున్నారు. మొహాల్లో ఏమీ లేదు. బయటికి వచ్చి వేపచెట్టు కింద చెప్పులు వేసుకుంటూ మోషేను పట్టుకుంది.

"గింత... పులుపుంటదా? ఎప్పుడు గిట్లనేనా?"

మోషే తల గోక్కున్నాడు. "ఎండు ద్రాక్షదైతే జర నయం."

"ఇరవై రెండేండ్లు! ఒక్కరన్న... చెప్పలే?"

"ప్రభువు బల్లకాడ వంకలు పెడతరానే?"

బుచ్చమ్మకు ముందు సిగ్గేసింది. తర్వాత లోపలెక్కడో మొదలైన నవ్వు పైకి వచ్చింది. చెట్టు మొదలు పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మనిషి ఊగిపోయేలా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా షైని కూడా వచ్చి ఆ నవ్వులో కలిసింది. ఆ తర్వాతి నెల నుంచి బుచ్చమ్మ వడగట్టాక చెంచాతో రుచి చూసి, చాలకపోతే చక్కెర వేస్తోంది.

ఏప్రిల్ ఆఖర్లో సభ్యుల మీటింగు పెట్టారు. ఎండలు ముదిరాయి కనుక జూన్ దాకా ఆరాధన తొమ్మిదిన్నరకు కాకుండా ఏడింటికి పెడదామని పెద్దలు అన్నారు. చాలామంది తలలూపారు. ఎవరైనా ఏమైనా చెప్తారా అని అయ్యగారు అడిగితే బుచ్చమ్మ లేచింది. జనం ఆగారు. ఆమె తీరిగ్గా, తన లెక్కలో తాను, చెప్పుకొచ్చింది. ఆదివారమైనా ఇండ్లల్లో పనికి పోయే ఆడోళ్లు ఈ సంఘంలో చాలామంది ఉన్నారని, నీళ్లు పట్టి, అంట్లు తోమి వచ్చేసరికి ఎనిమిది దాటుతుందని, ఏడంటే వాళ్లు పాటలకు కాదు కదా ప్రసంగానికి కూడా అందలేరని. చెప్పడం అయ్యేసరికి ఒక పొడుగాటి రైలు దాటిపోయేంత సేపు గడిచింది.

చేతులెత్తమన్నారు. ఆమె వైపు ఏడు, అటువైపు ముప్ఫై పైనే. మాట నెగ్గలేదు.

ఇంటికి పోతుంటే తొవ్వలో అడిగింది. "నువ్వు... ఎత్తలేదేంది చెయ్యి?"

"ఎండకు నాకు తల తిరుగుతదే" అన్నాడు మోషే. "నువ్వు చెప్పింది మంచిగనే ఉండె. కానీ తల తిరుగుతది గదా."

ఆమె కాసేపు మూతి ముడుచుకుంది. అతను ఆమెను బుజ్జగించలేదు, ఆమె తరఫున ఇంకో మాట కలపలేదు. ఇద్దరూ ఇల్లు చేరేదాకా వాదించుకుంటూనే పోయారు, అతను జల్దీ జల్దీగా, ఆమె ఆగి ఆగి.

తర్వాతి వారం ఆమె విల్లాల సూపర్‌వైజరుతో మాట్లాడి, ఆదివారం నీళ్లు శనివారం సాయంత్రమే పట్టేలా ఒప్పించుకుంది. అయినా ఆదివారం పొద్దున్నే మందారాలకు కొంచెం పోసి రావాలనిపించి పోయింది. చర్చి గుమ్మంలో చెప్పులు విడిచేసరికి రెండో పాట మొదలైంది. చీర కుచ్చిళ్లు మడమల దాకా తడిసి ఉన్నాయి. షైని పక్కకు జరిగి చోటిచ్చింది.